బియ్యానికి లేని సరిహద్దు గుండెజబ్బుకు ఎందుకు?



ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి నిలబడిన రోజులు మనకందరికీ గుర్తున్నాయి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. అమ్మకపు పన్ను గేట్లు ఎత్తేశారు. యజమానుల సరుకుకు అడ్డు తొలగిపోయింది. 2020 అక్టోబరులో తమిళనాడులో 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' పథకం అమలులోకి వచ్చింది. ఆంధ్ర కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకోవచ్చన్నారు. అంటే ఇనుముకు సరిహద్దు లేదు, బియ్యానికీ సరిహద్దు లేదు. కానీ ఆ ఇనుమును ఎర్రగా కాల్చి సాగదీసే కార్మికునికి, ఆ బియ్యాన్ని ఆడించే కూలీకి, వాళ్ళ బిడ్డలకు గుండెలో వాల్వు చెడిపోతే మాత్రం సరిహద్దు ఇంకా అక్కడే ఉంది. కార్డు దగ్గర ఉంది, భాష దగ్గర ఉంది, మస్టరు దగ్గర ఉంది.

ఈ అన్యాయాన్ని గురించే ఈసారి రాస్తున్నాము. బోనసు గురించి, ఓవర్‌టైము గురించి రాయవలసిన చోట గుండెజబ్బు గురించి ఎందుకని కొందరు అడగవచ్చు. గుండె కవాటాల జబ్బు మన దేశంలో ఎక్కువగా పేదల జబ్బు. అది ఇరుకు ఇళ్ళలో పుడుతుంది, తక్కువ కూలిలో ముదురుతుంది, కాగితాల దగ్గర ప్రాణం తీస్తుంది. ఈ మూడింటిలో ఏది యూనియన్ పని కాదో చెప్పమని అడుగుతున్నాము.

ఇది ఎవరి జబ్బు?

బావి మోటారుకు ఫుట్ వాల్వు ఉంటుంది. నీళ్ళు పైకి పోవాలి, వెనక్కి జారకూడదు. గుండెలో ఉన్న నాలుగు కవాటాల పనీ అదే. అవి సరిగా తెరుచుకోకపోతే రక్తం ముందుకు పోదు. సరిగా మూసుకోకపోతే వెనక్కి కారుతుంది. అప్పుడు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు, కాళ్ళ వాపు, గుండె దడ వస్తాయి. కొందరికి గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు పోయి పక్షవాతం వస్తుంది.

డబ్బున్న దేశాల్లో వాల్వు జబ్బు ఎక్కువగా ముసలితనంలో వస్తుంది. మన దగ్గర చాలామందికి అది చిన్నతనంలోనే మొదలవుతుంది. 5 నుండి 15 ఏళ్ళ లోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కొందరికి రెండు మూడు వారాల తరువాత జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తాయి. దీన్నే కీళ్ళవాత జ్వరం, రుమాటిక్ జ్వరం అంటారు. ఇది కీళ్ళను నాకి గుండెను కరుస్తుందని డాక్టర్లు ఏనాడో చెప్పారు. మళ్ళీ మళ్ళీ వస్తే కవాటాలు మందమై, అతుక్కుపోయి, పదిహేనేళ్ళకో ఇరవై అయిదేళ్ళకో పని చేయడం మానేస్తాయి.

ఈ సూక్ష్మజీవి ఎక్కడ పెరుగుతుంది? ఒకే గదిలో ఆరుగురు పడుకునే చోట పెరుగుతుంది. యూరపులో, అమెరికాలో ఈ జబ్బు తగ్గుముఖం పట్టింది పెన్సిలిన్ వచ్చాక కాదు. అంతకు ముందే, ఇళ్ళు విశాలమై, తిండి మెరుగుపడిన కాలంలోనే తగ్గడం మొదలయింది. ఇరుకు పోతే జబ్బు పోయింది. మరి మన సిప్‌కాట్ చుట్టూ రేకుల షెడ్లలో కాంట్రాక్టర్లు మనుషులను ఎలా కుక్కుతున్నారో వేరే చెప్పాలా? రెడ్‌హిల్స్ రైస్ మిల్లుల్లో బాకీ పేరుతో కట్టిపడేసిన ఇరుళ కుటుంబాలను అధికారులు విడిపించిన వార్తలు ఎన్నిసార్లు చదవలేదు? వెట్టిచాకిరీని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1976లో. ఆ గదుల్లో పెరిగిన పిల్లల గొంతులను ఏ డాక్టరు చూశాడు?

ఇంకొక సంగతి. ఇండియా, యెమెన్, 12 ఆఫ్రికా దేశాల్లో ఈ రోగులను పరిశీలించి 2014లో ప్రకటించిన 'రెమెడీ' అనే అధ్యయనంలో రోగుల మధ్యస్థ వయసు 28. మూడింట రెండు వంతుల మంది స్త్రీలు. అంటే పని చేసే వయసువాళ్ళు, బిడ్డలను కనే వయసువాళ్ళు. సన్నబడిన కవాటం చాలామంది ఆడవాళ్ళలో కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది. అప్పటిదాకా 'రక్తం తక్కువ, అందుకే ఆయాసం' అని టానిక్కు సీసా చేతికిచ్చి పంపుతారు.

వైద్యం లేక కాదు

మనకు వైద్యం తెలియక ఈ చావులు జరుగుతున్నాయని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. తిరుత్తణికి ఎంతో దూరం లేని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో అతుక్కుపోయిన మైట్రల్ కవాటాన్ని విప్పే ఆపరేషన్లు 3,724 మందికి చేసి, ఆ ఫలితాలను 1983లోనే ప్రపంచానికి ప్రకటించారు. జపానులో డాక్టర్ ఇనోవే 1982లో బెలూన్‌తో కవాటాన్ని విప్పే పద్ధతిని మొదలుపెట్టాడు. తొడ దగ్గర రక్తనాళంలో నుండి గొట్టం పంపి బెలూన్ ఊది విప్పుతారు. ఛాతీ కోయనక్కరలేదు. మన దేశంలో ఇది ఇప్పుడు మామూలు చికిత్స.

కవాటం పూర్తిగా పాడయితే మార్చాలి. ఒకప్పుడు ప్రతి వాల్వూ విదేశాల నుండి రావలసిందే. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్, ఇంజనీరు భువనేశ్వర్ బృందం ఏళ్ళ తరబడి పని చేసి స్వదేశీ వాల్వు తయారు చేసింది. మూడు నమూనాలు విఫలమయ్యాక నాలుగోది నిలిచింది. 1990 డిసెంబరు 6న మొదటి రోగికి అమర్చారు. తరువాత టి.టి.కె. సంస్థ తయారీ చేపట్టింది. ఇప్పటికి లక్షకు పైగా గుండెల్లో ఆ చిత్ర వాల్వు ఆడుతోంది. దిగుమతి వాల్వు ధరలో కొంత భాగానికే అది దొరుకుతుంది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ చేసిన పని అది.

పెన్సిలిన్ సంగతీ అంతే. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పడితే కీళ్ళవాత జ్వరాన్ని ఆపవచ్చు. ఒకసారి జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొక బెంజథీన్ పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేస్తే గుండె ఇంకా చెడకుండా ఉంటుంది. గుండెకు తగిలినవారికి కనీసం పదేళ్ళు, కొందరికి నలభై ఏళ్ళ వయసు దాకా వేయాలి. చవకైన మందు. చవక కావడమే దాని పాపం! లాభం లేదని కంపెనీలు తయారీ తగ్గించుకుంటూ పోతే ప్రపంచమంతటా దానికి కొరత వచ్చింది.

కనుక జ్ఞానం ఉంది, సూది ఉంది, బెలూన్ ఉంది, వాల్వు ఉంది. లేనిదల్లా వాటికీ మనకూ మధ్య దారి. ఆ దారికి మూడు గేట్లున్నాయి.

మొదటి గేటు: కార్డు

తమిళనాడులో ముఖ్యమంత్రి కాప్పీట్టు పథకం 2009లో ఒక పేరుతో మొదలై 2012లో ఇప్పటి రూపానికి వచ్చింది. గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. దీన్ని మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు. ఎందరో పేదల ప్రాణాలు నిలిపిన పథకం అది. సరిహద్దుకు అటు ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అదీ మంచి పథకమే. మరి ఈ రెండు మంచి పథకాల మధ్య మన మనిషి ఎలా జారిపోతున్నాడు?

లెక్క చూడండి. తమిళనాడు పథకానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు మించరాదని మొదట పెట్టారు. తరువాత లక్షా ఇరవై వేలకు పెంచారు. అంటే నెలకు 10 వేలు. మిల్లులో 12 వేలు తెచ్చుకునే కూలీ ఈ లెక్కన 'ఉన్నవాడు'! అతను ఇ.ఎస్.ఐ.కి పోవాలి. ఇ.ఎస్.ఐ. జీతం పరిమితిని 2017 జనవరిలో నెలకు 21 వేలకు పెంచారు గనుక అతనికి అది దక్కాలి. కానీ కాంట్రాక్టరు అతని పేరు ఎక్కించడు. ఎక్కించినా మూడు నెలలకొకసారి తీసేస్తాడు. ఖరీదైన ప్రత్యేక వైద్యం కావాలంటే కొన్ని నెలల చందా వరుసగా జమ అయి ఉండాలి. ఇటు చూస్తే ఆదాయం ఎక్కువ, అటు చూస్తే చందా తక్కువ. రెండు స్టూళ్ళ మధ్య కూర్చోబెట్టి, పడిపోయావేమని అడుగుతున్నారు!

ఇక సూళ్ళూరుపేట, తడ, సత్యవేడు వైపు నుండి రోజూ రైలెక్కి వచ్చేవారి సంగతి. వాళ్ళ కార్డు ఆంధ్రది, చెమట తమిళనాడుది. షిఫ్టులో కుప్పకూలితే దగ్గరున్నది చెన్నై. ఆంధ్ర ప్రభుత్వం 2019 నవంబరులో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీని విస్తరించింది. అంటే ప్రభుత్వాలు తలుచుకుంటే కార్డు సరిహద్దు దాటగలదని తేలిపోయింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందన్నారు. కానీ దానికి 2011 నాటి సామాజిక ఆర్థిక సర్వే జాబితాను ప్రాతిపదికగా తీసుకున్నారు. ఆ సర్వే జరిగిన రోజున వలసలో ఉన్నవాడు ఏ ఊరి జాబితాలో ఉంటాడు? పొరుగు రాష్ట్రం నుండి వచ్చి ఆరు నెలలకు పైగా ఉన్నవారిని తగిన ధృవీకరణ మీద తమిళనాడు పథకంలో చేర్చుకోవచ్చునన్న నిబంధన ఉంది. మన షెడ్లలో దీన్ని విన్నవారెందరు? నిబంధన పుస్తకంలో ఉంది, మనిషి షెడ్డులో ఉన్నాడు.

రెండవ గేటు: భాష

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు పోయాయి. ఆ రోజు ఎవరి ఇల్లూ కదలలేదు, గీత కదిలింది. గీతకు ఇటు ఉన్న తెలుగువారు, అటు ఉన్న తమిళులు ఒక్క రాత్రిలో భాషా అల్పసంఖ్యాకులయ్యారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షల పైచిలుకు, నూటికి ఆరుగురికి కొంచెం తక్కువ. తిరువళ్ళూరు జిల్లా పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి.

మేము ఇక్కడ భాషాభిమానం గురించి మాట్లాడడం లేదు. మాత్రల మోతాదు గురించి మాట్లాడుతున్నాము. లోహపు వాల్వు పెట్టించుకున్న మనిషి బతికినంత కాలం రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్‌లాంటి మాత్ర వేసుకోవాలి. తక్కువయితే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. ఎక్కువయితే లోపల రక్తస్రావం అవుతుంది. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేసి, ఒక రోజు ఒక మాత్ర, మరొక రోజు ఒకటిన్నర అని మార్చి రాస్తారు. మునగాకు, తోటకూరలాంటివి ఒక వారం మానేసి మరో వారం విపరీతంగా తింటే మందు లెక్క తప్పుతుంది. ఒళ్ళునొప్పులకు కొట్లో కొనే మాత్ర వేసుకుంటే రక్తస్రావం కావచ్చు. పన్ను పీకించుకునే ముందు చెప్పాలి. కడుపుతో ఉంటే వెంటనే చెప్పాలి, ఎందుకంటే ఆ మాత్ర బిడ్డకు హాని చేయవచ్చు. ఇవన్నీ రోగి చదవలేని లిపిలో, అర్థం కాని మాటల్లో రాసి ఇస్తే అది వైద్యమా? సంతకం పెట్టమన్న కాగితంలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేస్తే అది ఒప్పుకోలా?

రాజ్యాంగం 350వ అధికరణం ఏమంటోంది? తన బాధను కేంద్ర, రాష్ట్ర అధికారులెవరికైనా ఆ రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఫిర్యాదు చేయడానికి తెలుగు చెల్లుతుంది గాని ప్రాణం కాపాడుకోవడానికి చెల్లదా?

మూడవ గేటు: మస్టరు

ఎలవూరు నుండి చెన్నై సుమారు 50 కిలోమీటర్లు. పెద్దాసుపత్రికి పోయి, వరుసలో నిలబడి, రక్తం ఇచ్చి, ఫలితం తీసుకుని, డాక్టరును చూసి తిరిగి వచ్చేసరికి ఒక షిఫ్టు పోతుంది. నెలకొకసారి పోతే ఏడాదికి 12 మస్టర్లు. తోడు వచ్చేవారివి ఇంకొక 12. ఒక ఇంటికి 24 రోజుల కూలి! మందులు ఉచితమే కావచ్చు, ఆ 24 రోజులు ఎవరిస్తారు? మూడు వారాలకొక పెన్సిలిన్ సూది అంటే ఏడాదికి 17. పదేళ్ళలో 170కి పైగా. ప్రతి సూదికీ తల్లి ఒక పూట కూలి వదులుకోవాలంటే, పదో సూదికో పదిహేనో సూదికో ఆగిపోతుంది. అప్పుడు 'ఈ జనానికి శ్రద్ధ లేదు' అని రాసుకుంటారు. శ్రద్ధ లేనిది జనానికి కాదు, సూదిని జనం దగ్గరికి తీసుకురాని వ్యవస్థకు.

వారి వాదనలు - మా జవాబు

'పథకాలున్నాయి కదా, వాడుకోవడం మీకు తెలియదు' అంటారు అధికారులు. పథకం ఆపరేషన్ రోజున డబ్బు కడుతుంది. ఆ రోజుకు ముందు పదేళ్ళ సూదులు, ఆ రోజు తరువాత ముప్పై ఏళ్ళ రక్తపరీక్షలు ఎవరి బాధ్యత? వాల్వు పెట్టి వదిలేయడమంటే కొత్త బేరింగు వేసి గ్రీసు పెట్టకపోవడమే. ఎన్నాళ్ళు తిరుగుతుందో ఏ మిల్లు ఫిట్టరును అడిగినా చెబుతాడు.

'ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు తమిళం రాదా?' అంటారు మరికొందరు. వస్తుంది. మిల్లులో మేస్త్రీతో మాట్లాడడానికి, సంతలో బేరమాడడానికి వస్తుంది. రక్తనాళం, మోతాదు, ప్రమాదం అనే మాటలు సంతలో దొరకవు. పైగా మిల్లుకు పోయే మగవానికి వచ్చినంత తమిళం మొన్న నాయుడుపేట నుండి కాపురానికి వచ్చిన కోడలికి రాదు. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆమెకే. తమిళ సోదరులు దీన్ని తప్పుగా అర్థం చేసుకోరని మా నమ్మకం. తమిళం మీద మాకు పేచీ లేదు. రోలింగు మిల్లుల్లో మన పక్కన నిలబడే ఒడియా, బీహారీ కార్మికునికి కూడా అతని భాషలో చీటీ ఇవ్వాలనే మేము అంటున్నాము. సరిహద్దుకు అటు, నగరి, సత్యవేడుల్లో ఉన్న తమిళ రోగికి తమిళంలో చెప్పాలని కూడా అంతే గట్టిగా అంటున్నాము.

'మిల్లుకూ గుండెజబ్బుకూ సంబంధమేమిటి? అది పని వల్ల వచ్చింది కాదు' అంటాయి యాజమాన్యాలు. పని వల్ల రాలేదు, సరే. కూలి వల్ల వచ్చింది. ఆ కూలితో దొరికిన ఇంటి వల్ల వచ్చింది. వచ్చిన తరువాత ఫర్నేసు దగ్గర వేడిలో, బస్తా కింద ముదిరింది. ఇ.ఎస్.ఐ. చందా ఎగ్గొట్టినందువల్ల ప్రాణం మీదికి వచ్చింది. కాంట్రాక్టు కార్మికుని చందాకు చివరికి ప్రధాన యజమానే బాధ్యుడన్నది 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం నుండి ఉన్న సూత్రం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని తీసేయలేదు. 'కాంట్రాక్టరును అడగండి' అని గేటు బయటికి చూపించే యాజమాన్యం చట్టాన్ని తప్పించుకుంటోంది.

చివరిగా మనలోనే కొందరంటారు: 'ఇది యూనియన్ పని కాదు, ఎవరి రాత వారిది' అని. 1918 ఏప్రిల్ 27న మద్రాసు పెరంబూరులో బిన్నీ మిల్లు కార్మికుల కోసం మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియాను పిలుచుకొచ్చినవారు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే సమయం చాలదన్నది ఆనాడు కార్మికులు చెప్పుకున్న మొదటి కష్టాల్లో ఒకటి. అన్నం ముద్ద దగ్గర మొదలైన యూనియనుకు గుండె కొట్టుకోవడం పరాయి విషయమవుతుందా?

లోకంలో చూడండి

ఈ తేడా మన ఊళ్ళోనే లేదు. అమెరికాలో ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా బృహద్ధమని కవాటాన్ని మార్చే కొత్త పద్ధతి వచ్చింది. 2011 నుండి 2016 వరకు అది చేయించుకున్న 70 వేల మందిలో తెల్లవారు నూటికి 91 మంది. నల్లవారు నలుగురు కూడా లేరు. అక్కడి జనాభాలో వారు సుమారు 13 మంది. తెల్ల ముసలివాళ్ళలో ఆ జబ్బు కొంత ఎక్కువని వాదించవచ్చు. ఆ ఒక్కమాటతో అంత తేడా మాయం కాదు. ఆస్ట్రేలియాలో కీళ్ళవాత జ్వరం తెల్లవారిలో దాదాపు లేదు. వచ్చేవారిలో అత్యధికులు ఆ నేల ఆదివాసులే. ధనిక దేశమైనా, ఎవరు సంఖ్యలో తక్కువో, ఎవరి మాట ఆసుపత్రిలో మాట కాదో వారికే జబ్బు మిగులుతోంది.

మరి దీన్ని తగ్గించినవారు లేరా? ఉన్నారు. క్యూబాలో పినార్ దెల్ రియో అనే రాష్ట్రంలో 1986 నుండి 1996 వరకు పదేళ్ళ కార్యక్రమం నడిపారు. గొంతునొప్పిని గుర్తించడం జనానికి నేర్పారు, రోగుల పేర్లు రిజిస్టరులో రాశారు, సూది తప్పినవారి ఇంటికి పోయి వేశారు. బడిపిల్లల్లో రుమాటిక్ గుండెజబ్బు వెయ్యికి 2.27 నుండి 0.24కు పడిపోయింది. పదోవంతు! వాళ్ళు బంగారు వాల్వులు కొనలేదు. రిజిస్టరు పెట్టారు, సూది వేశారు, ఇంటికి పోయారు. 2018 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కూడా ఈ జబ్బు మీద తీర్మానం చేసి ప్రభుత్వాలను కదలమంది.

ఇంటికి పోయే పద్ధతి తమిళనాడుకు కొత్త కాదు. 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' కింద రక్తపోటుకు, చక్కెరజబ్బుకు మందులు గడప దగ్గరికి తెచ్చిచ్చే ఏర్పాటు చేశారు. చక్కెర మాత్రతో పాటు పెన్సిలిన్ రిజిస్టరు రాలేదా? 2013లో మొదలైన బాలల ఆరోగ్య కార్యక్రమంలో బడిపిల్లల్లో వెతకవలసిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది. రైస్ మిల్లు కళ్ళం మీద వడ్లు ఎండబెట్టే పిల్లవాడు ఏ బడిలో దొరుకుతాడు? డాక్టరే మిల్లుకు రావాలి.

మా డిమాండ్లు

1. ఎలవూరు, ఆరంబాక్కం, గుమ్మిడిపూండి ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బెంజథీన్ పెన్సిలిన్ సూది ఎప్పుడూ నిల్వ ఉండాలి. అలర్జీ భయంతో సూది వేయకుండా పంపివేయడం మాని, భయాన్ని ఎదుర్కొనే శిక్షణ, అత్యవసర మందులు సిబ్బందికి ఇవ్వాలి.

2. కీళ్ళవాత జ్వరం, వాల్వు జబ్బు ఉన్నవారికి తాలూకా రిజిస్టరు పెట్టాలి. సూది తప్పినవారి ఇంటికి, షెడ్డుకు పోవాలి.

3. ఐ.ఎన్.ఆర్. పరీక్ష, మోతాదు సలహా రోగి చెన్నైకి పోకుండా తాలూకా స్థాయిలోనే ఆదివారాలు, సాయంత్రాలు కూడా జరగాలి. అటువంటి రోజును సెలవు జీతంతో ఇవ్వాలి.

4. వాల్వు రోగుల మాత్రల చీటీ, ఆపరేషన్ ఒప్పుకోలు పత్రం తమిళంతో పాటు తెలుగులో ఇవ్వాలి. అవసరమైన చోట హిందీ, ఒడియాలో కూడా ఇవ్వాలి. పెద్దాసుపత్రుల గుండె విభాగంలో తెలుగు తెలిసిన సహాయకులు ఉండాలి.

5. రెండు ప్రభుత్వాలు కూర్చుని సరిహద్దు తాలూకాల కార్మికులకు ఆరోగ్య కార్డును అటూ ఇటూ చెల్లేలా చేయాలి. బియ్యానికి చేసింది గుండెకు చేయలేరా?

6. కాంట్రాక్టు కార్మికులందరి పేర్లూ చేరిన మొదటి రోజే ఇ.ఎస్.ఐ.లో ఎక్కించాలి. ఎగ్గొట్టిన చందాను ప్రధాన యజమాని నుండి వసూలు చేయాలి. ఇ.ఎస్.ఐ. లేని మిల్లు కార్మికునికి కాప్పీట్టు పథకం ఆదాయ పరిమితి అడ్డు రాకూడదు.

7. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధరకు గరిష్ఠ పరిమితి పెట్టినట్టే వాల్వుల ధరకూ పెట్టాలి.

8. షెడ్లలో మనిషికి ఇంత చోటు, గాలి, నీళ్ళు ఉండాలని తనిఖీ చేయాలి. మొదటి మందు అదే.

ఇవన్నీ ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ప్రతి డిపార్టుమెంటులో ఒక కార్యకర్త తన తోటివారి ఇ.ఎస్.ఐ. నంబర్లు రాసుకోవాలి. ఆ నంబరు మనిషికి జీవితాంతం ఒకటేనని, కాంట్రాక్టరు మారినా మారనక్కరలేదని అందరికీ చెప్పాలి. పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వస్తే, తరువాత ఒక కీలు నుండి మరో కీలుకు నొప్పి మారుతుంటే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మెట్లెక్కితే ఆయాసపడే చెల్లెలిని, కోడలిని ఒకసారి ఎకో పరీక్షకు పంపాలి. తొందరగా కనిపెడితే సూదితో, బెలూన్‌తో పోయే జబ్బు ఆలస్యమైతే వాల్వుతోనూ పోదు.

భిక్ష అడగడం లేదు. మన చందా కట్టాము, మన పన్ను కట్టాము, రెండు రాష్ట్రాల గోదాములు మన చేతులతో నింపాము. సరుకు కోసం ఎత్తిన గేటును మనిషి కోసం కూడా ఎత్తండని అడుగుతున్నాము. ఎత్తకపోతే తమిళ, తెలుగు, ఒడియా కార్మికులమందరం కలిసి ఎత్తిస్తాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!